ఖుసిమోన్

ఖుసిమోన్ వట్టివేరు నూనెలో సహజంగా లభించే ఒక సుగంధ కర్బన సమ్మేళనం. ఇది కీటోన్ వర్గానికి చెందినది. కలప వాసన, దానితోపాటు వయొలెట్ పూల వాసనను గుర్తుకు తెచ్చే పరిమళం దీని ప్రత్యేకత. నూనెలో ఇది కొద్ది శాతం మాత్రమే ఉన్నప్పటికీ, వట్టివేరు వాసనకు ముఖ్య కారణాలలో ఇది ఒకటని రసాయన శాస్త్రజ్ఞులు చాలాకాలం భావించారు. 2021లో వెలువడిన ఒక పరిశోధన ఈ అభిప్రాయాన్ని కొంత సవరించింది. ఖుసిమోన్‌కు చాలా దగ్గరి బంధువైన మరొక కీటోన్ వట్టివేరు వాసనకు అసలు మూలమని ఆ పరిశోధన నిరూపించింది.

ముఖ్య వివరాలు

* వర్గం: సెస్క్విటెర్పీన్ సంబంధ కీటోన్ (ఒక కార్బన్ తగ్గినది)
* అణువులోని పరమాణువులు: కార్బన్ 14, హైడ్రోజన్ 20, ఆక్సిజన్ 1
* అణుభారం: 204.31
* వలయాల సంఖ్య: 3
* సహజ వనరు: వట్టివేరు (శాస్త్రీయ నామం: క్రైసోపోగాన్ జిజానియోయిడిస్)
* వాసన: కలప, వట్టివేరు, కొద్దిగా వయొలెట్

పేరు

వట్టివేరును హిందీ, ఉర్దూ భాషలలో ఖస్ అంటారు. భారతీయ శాస్త్రజ్ఞులు ఈ నూనె నుండి వేరుచేసిన అనేక పదార్థాలకు ఆ మాటతోనే పేర్లు పెట్టారు. ఖుసోల్, ఖుసినోల్, ఖుసిమోల్, ఖుసిలాల్, ఖుసిమోన్ అటువంటివే. ఈ పేర్ల చివరి భాగాన్నిబట్టి పదార్థం ఏ వర్గానికి చెందినదో తెలుస్తుంది. ఓల్ అంటే ఆల్కహాలు, ఆల్ అంటే ఆల్డిహైడు, ఓన్ అంటే కీటోన్.

ఇదే నూనెలోని వెటివోన్ అనే పదార్థాల పేరు తమిళ పదమైన వెట్టివేర్ నుండి వచ్చింది. ఆ పదం ఫ్రెంచి భాష ద్వారా వెటివర్‌గా ప్రపంచమంతటా వ్యాపించింది. తెలుగు వట్టివేరు, తమిళ వెట్టివేర్ ఒకే ద్రావిడ పదానికి రెండు రూపాలు. జిజీన్, జిజానోయిక్ ఆమ్లం అనే మరికొన్ని పేర్లు మొక్క శాస్త్రీయ నామం నుండి వచ్చాయి. జిజానియోయిడిస్ అంటే జిజానియా అనే అడవి వరి జాతిని పోలినది అని అర్థం. ఈ విధంగా ఒకే వేరులోని పదార్థాలు హిందీ, తమిళం, లాటిన్ భాషల ద్వారా మూడు వరుసల పేర్లు పొందాయి.

హిందీలో ఖస్‌ఖస్ అనే మాటను గసగసాలకు కూడా వాడతారు. గసగసాలకూ వట్టివేరుకూ వృక్షశాస్త్రపరంగా ఏ సంబంధమూ లేదు. గసగసాలలో ఖుసిమోన్ ఉండదు. వేసవి షర్బత్తులకు వాడే సుగంధిపాల వేరు కూడా వేరే మొక్కకు చెందినది.

సహజ వనరు

ప్రధాన వ్యాసం: వట్టివేరు

వట్టివేరు గడ్డి కుటుంబానికి చెందిన బహువార్షిక మొక్క. వరి, చెరకు, నిమ్మగడ్డి కూడా ఇదే కుటుంబానికి చెందినవి. దీనికి తెలుగులో కురువేరు అనీ, సంస్కృతంలో ఉశీరం అనీ పేర్లు కలవు. ఆయుర్వేదంలోని ఉశీరాసవానికి ఆ పేరు ఈ మొక్కనుండే వచ్చింది. దీనిని లిన్నేయస్ 1771లో మరొక ప్రజాతిలో చేర్చి వర్ణించాడు. చాలాకాలం వెటివేరియా జిజానియోయిడిస్ అనే పేరుతో వ్యవహరించారు. 1999 తరువాత క్రైసోపోగాన్ ప్రజాతిలో చేర్చడం స్థిరపడింది.

మొక్క ఆకులకు చెప్పుకోదగిన వాసన ఉండదు. సుగంధమంతా వేళ్ళలోనే ఉంటుంది. నూనె వేరు లోపలి పొరలలోని కణాలలో చేరుతుంది. ఎండిన వేళ్ళకు తక్కువ వాసన, తడిసిన వేళ్ళకు ఎక్కువ వాసన ఉండడం అందరికీ అనుభవమే. నీరు వేరు లోనికి ఇంకి, అక్కడ పట్టుకొని ఉన్న సుగంధ అణువులను వదులుచేస్తుంది. నీటితోపాటు అవి కూడా కొద్దికొద్దిగా గాలిలోనికి వెళతాయి.

తెలుగువారి వేసవి జీవితంలో ఈ గుణానికి చాలా ఉపయోగం ఉండేది. ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు, వినగడప ప్రాంతాలవంటి చోట్ల వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. విద్యుత్తు పంకాలు లేని రోజులలో ఇటువంటి ఎండలను తట్టుకోవడానికి కలిగినవారు తలుపులకూ కిటికీలకూ వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లించేవారు. వేడిగాలి తడి వేళ్ళగుండా వచ్చేటప్పుడు నీరు ఆవిరై గాలిలోని వేడిని గ్రహిస్తుంది. చల్లబడిన గాలితోపాటు సుగంధమూ గదిలోనికి వస్తుంది. తరువాత వచ్చిన ఎయిర్ కూలర్లలో కూడా ఇదే సూత్రంపై వట్టివేళ్ళను వాడారు. మంచినీళ్ళ కుండలో వట్టివేళ్ళ చిన్న కట్ట వేయడం, బట్టల పెట్టెలలో వేళ్ళను ఉంచడం, ఆలయ ఉత్సవాలలో వట్టివేళ్ళ మాలలు వాడడం ఇప్పటికీ కనిపిస్తాయి. హైదరాబాదులో చార్మినారు పరిసరాల అత్తరు దుకాణాలలో ఖస్ అత్తరు లభిస్తుంది.

నూనె తయారీ

ప్రధాన వ్యాసం: వట్టివేరు నూనె

దక్షిణ భారతదేశంలో సాధారణంగా నాటిన 15 నుండి 18 నెలలకు వేళ్ళను తవ్వుతారు. ఇసుక కలిసిన తేలిక నేలలలో వేళ్ళు తెగకుండా బయటకు వస్తాయి. అందువలన కోస్తాలోని ఇసుక నేలలు ఈ పంటకు అనుకూలం. బంకమట్టి నేలలలో తవ్వడం కష్టం, వేరు కూడా చాలావరకు నేలలోనే తెగిపోతుంది.

తవ్విన వేళ్ళను కడిగి, నీడలో ఆరబెట్టి, ముక్కలుగా కత్తిరించి ఆవిరి స్వేదనం చేస్తారు. నూనెలోని పదార్థాలు ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద మరిగేవి. కాబట్టి అవి ఆవిరితో చాలా నెమ్మదిగా వస్తాయి. నిమ్మగడ్డి నూనెను కొద్ది గంటలలో తీయవచ్చు. వట్టివేరుకు ఒక పగలూ ఒక రాత్రీ, కొన్నిసార్లు అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది. స్వేదనాన్ని తొందరగా ఆపివేస్తే తేలికగా ఆవిరయ్యే భాగం మాత్రమే చేతికి వస్తుంది. విలువైన ఆల్కహాలులు, కీటోన్లు చాలావరకు వేరులోనే మిగిలిపోతాయి. వంటచెరకు ఖర్చు, కాలం, నూనె నాణ్యత ఈ విధంగా ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

వేళ్ళ బరువులో నూనె దిగుబడి సాధారణంగా ఒక శాతానికి అటూ ఇటూ ఉంటుంది. నూనె చిక్కగా, లేత గోధుమరంగు నుండి ముదురు గోధుమరంగు వరకు ఉంటుంది. దీని సాంద్రత నీటి సాంద్రతకు దగ్గరగా ఉండడం వలన నీటినుండి త్వరగా విడిపోదు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజులో సంప్రదాయ రాగి పాత్రలలో తీసే రూహ్ ఖస్ అనే నూనెకు రాగి సంపర్కం వలన ఆకుపచ్చ రంగు వస్తుంది.

ఉత్తర, దక్షిణ భారత నూనెలు

భారతదేశంలో వట్టివేరు రెండు రకాలుగా కనిపిస్తుంది. ఉత్తర భారత రకం ఎక్కువగా అడవిగా పెరుగుతుంది, విత్తనాలు బాగా పడతాయి. దక్షిణ భారత రకానికి విత్తనాలు పడవు, లేదా చాలా తక్కువ. దీనిని పిలకలు విడదీసి నాటుతారు. తెలుగు ప్రాంతాలలో సాగుచేసేది దక్షిణాది రకమే.

ఈ రెండు రకాల నూనెల మధ్య తేడా రసాయనికంగా చాలా స్పష్టమైనది. ధ్రువిత కాంతిని దక్షిణాది నూనె కుడివైపునకు తిప్పుతుంది, ఉత్తరాది నూనె ఎడమవైపునకు తిప్పుతుంది. ఉత్తరాది నూనెలో ఖుసిలాల్, ఖుసినోల్ వంటివి ప్రధానం. ఆల్ఫా వెటివోన్, బీటా వెటివోన్, జిజీన్ వర్గపు పదార్థాలు, వాటితోపాటు ఖుసిమోన్ దక్షిణాది నూనె లక్షణాలు. పేరు హిందీ మాటనుండి వచ్చినా, ఖుసిమోన్ కోసం చూడవలసినది దక్షిణాది వేరులోనే.

హైతీ, ఇండోనేషియాలోని జావా, హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి వట్టివేరు నూనెకు ప్రసిద్ధి చెందినవి. నేడు హైతీ అతిపెద్ద ఉత్పత్తిదారు. ఆ దేశాలలో పెరుగుతున్నది కూడా విత్తనాలు పడని రకమే. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఆడమ్స్, అతని సహచరులు 1998లో డి.ఎన్.ఏ. పరీక్షలు జరిపారు. అనేక దేశాలలో సాగులో ఉన్న మొక్కలు చాలావరకు ఒకే జన్యురూపానికి చెందిన పిలకల సంతతి అని ఆ పరీక్షలలో తేలింది. ఈ రకానికి మూలం దక్షిణ భారతదేశమని సాధారణంగా అంగీకరిస్తారు.

అణు నిర్మాణం

ఖుసిమోన్ అణువు మూడు వలయాల చట్రంపై నిర్మితమైనది. ఈ చట్రంలో 11 కార్బన్ పరమాణువులు ఉంటాయి. మూడు వలయాలలో రెండు ఐదేసి పరమాణువులవి, ఒకటి ఆరు పరమాణువులది. ఒక కార్బన్ పరమాణువు ఈ మూడు వలయాలకూ ఉమ్మడిగా ఉంటుంది. చట్రానికి వెలుపల మరి మూడు కార్బన్లు ఉన్నాయి. వాటిలో రెండు మెథిల్ సమూహాలు ఒకే కార్బన్‌కు అంటి ఉంటాయి. మూడవది పక్క కార్బన్‌తో ద్విబంధం ద్వారా కలిసిన మిథిలీన్ సమూహం. ఒక ఐదు పరమాణువుల వలయంలో ఆక్సిజన్ ద్విబంధంతో చేరి కీటోన్‌ను ఏర్పరుస్తుంది.

టెర్పీన్లు అనే సహజ పదార్థాలు ఐదు కార్బన్ల ప్రమాణాలు కలిసి ఏర్పడతాయి. మూడు ప్రమాణాలు కలిస్తే 15 కార్బన్ల సెస్క్విటెర్పీన్ వస్తుంది. ఖుసిమోన్‌లో 14 కార్బన్లు మాత్రమే ఉండడానికి కారణం, 15 కార్బన్ల పూర్వ పదార్థం నుండి ఒక కార్బన్ తొలగిపోవడమే. నూనెలోని బంధువర్గాన్ని చూస్తే ఈ క్రమం అర్థమవుతుంది.

* జిజీన్: 15 కార్బన్లు, 24 హైడ్రోజన్లు. ఆక్సిజన్ లేదు. ఒక మూల మెథిల్ సమూహం ఉంటుంది.
* ఖుసిమోల్: ఆ మెథిల్ సమూహంపై ఆక్సిజన్ చేరగా ఏర్పడిన ఆల్కహాలు. దక్షిణాది నూనెలో అధికంగా ఉండే పదార్థాలలో ఇది ఒకటి.
* జిజానోయిక్ ఆమ్లం: ఖుసిమోల్ మరింత ఆక్సీకరణ చెందగా ఏర్పడే ఆమ్లం. దీనికే ఖుసెనిక్ ఆమ్లం అనే పేరు కూడా కలదు.
* ఖుసిమోన్: ఆ మూలనున్న కార్బన్ తొలగిపోయి, దాని స్థానంలో ఆక్సిజన్ ద్విబంధంతో నిలిచినది.

ఎడమచేయి, కుడిచేయి ఒకదానికొకటి ప్రతిబింబాలైనా ఒకదానిలో ఒకటి ఇమడవు. ఖుసిమోన్ అణువుకు కూడా అటువంటి రెండు రూపాలు సాధ్యం. దక్షిణాది రకపు నూనెలో లభించేది కాంతిని ఎడమవైపునకు తిప్పే రూపం. మొత్తం నూనె కాంతిని కుడివైపునకు తిప్పినప్పటికీ, అందులోని ఒక భాగం ఎడమవైపునకు తిప్పడంలో వైరుధ్యం లేదు. మిశ్రమం చూపే భ్రమణం అన్ని భాగాల కూడిక మాత్రమే.

మొక్కలో ఏర్పడే విధానం

వేరు కణాలలో ఫార్నెసిల్ డైఫాస్ఫేట్ అనే 15 కార్బన్ల పొడవైన అణువు మొదట తయారవుతుంది. జిజీన్ సింథేజ్ అనే ఎంజైము దానిని మడిచి, వరుసగా బంధాలు కలిపి, మూడు వలయాల జిజీన్‌గా మారుస్తుంది. ఈ మార్పులో మధ్య దశగా వచ్చే సీడ్రిల్ రూపం సీడార్ కలప నూనెలలోని సీడ్రాల్ అనే పదార్థానికి కూడా మూలం. గడ్డి వేరుకూ సీడార్ కలపకూ వాసనలో పోలిక ఉండడాన్ని గమనించినప్పుడు ఈ రసాయన బంధుత్వం ఆసక్తికరమైనది.

జర్మనీలోని హానోవర్ పరిశోధకులు ఈ ఎంజైమును శుద్ధిచేసి, దాని లక్షణాలను 2015లో ప్రచురించారు. జిజీన్ ఏర్పడిన తరువాత మొక్కలో ఆక్సీకరణ జరిగి ఖుసిమోల్, జిజానోయిక్ ఆమ్లం వస్తాయి. ఆమ్లం నుండి కార్బన్ తొలగిపోయి ఖుసిమోన్ ఏర్పడుతుందని భావిస్తారు.

వేరులో నివసించే బాక్టీరియాల పాత్రపై కూడా పరిశోధనలు జరిగాయి. ఇటలీ శాస్త్రజ్ఞులు 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, వేరులోని నూనె కణాల సమీపంలో బాక్టీరియాలు ఉంటాయి. అవి నూనెలోని పదార్థాలను ఆహారంగా వాడుకొని, వాటిని ఇతర పదార్థాలుగా మార్చగలవు. ఒకే రకపు పిలకలు వేర్వేరు నేలలలో కొద్దిగా వేరైన నూనెను ఇవ్వడానికి ఇది ఒక కారణం కావచ్చు.

పరిశోధన చరిత్ర

వట్టివేరు నూనె రసాయన శాస్త్రజ్ఞులను చాలా ఇబ్బందిపెట్టిన మిశ్రమం. దీనిలో వందలాది పదార్థాలు ఉన్నాయి. వాటిలో చాలావాటి అణుభారాలు, మరిగే ఉష్ణోగ్రతలు దాదాపు సమానం. అందువలన ఒకదానినుండి మరొకదానిని విడదీయడం కష్టం.

మొదట గుర్తింపు పొందినవి వెటివోన్లు. స్విట్జర్లాండుకు చెందిన ఫౌ, ప్లాట్నర్ 1939 ప్రాంతంలో వాటికి ఐదు, ఏడు పరమాణువుల జంట వలయాల నిర్మాణాన్ని ప్రతిపాదించారు. దాదాపు మూడు దశాబ్దాలు పాఠ్యగ్రంథాలలో అదే నిర్మాణం కొనసాగింది. 1960ల దశకం చివరలో అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ మార్షల్, అతని సహచరులు వెటివోన్లను ప్రయోగశాలలో తయారుచేసి, ఆ నిర్మాణం తప్పని చూపారు. బీటా వెటివోన్‌లో రెండు వలయాలు ఒకే కార్బన్ వద్ద కలుస్తాయి. ఆల్ఫా వెటివోన్‌లో రెండూ ఆరేసి పరమాణువుల వలయాలే. పంపరపనస జాతికి చెందిన గ్రేప్‌ఫ్రూట్ వాసనకు కారణమైన నూట్కటోన్‌కు అది సాదృశ్యకం.

భారతదేశంలో ఈ నూనెపై విస్తృతంగా పనిచేసినది పూణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల. 1950లో ప్రారంభమైన ఈ సంస్థలో 1960ల దశకంలో ఖుసోల్, ఖుసినోల్, ఖుసిమోల్ వంటి అనేక పదార్థాలను వేరుచేసి నిర్మాణాలు నిర్ణయించారు. ఖుసిమోన్ కూడా ఆ పరిశోధనల వరుసలోనిదే. జపానులో యోషికోషి బృందం అదే కాలంలో జిజానోయిక్ ఆమ్ల వర్గంపై పనిచేసింది. ఈ కృషి ఫలితంగా అప్పటివరకు తెలియని మూడు వలయాల జిజీన్ చట్రం శాస్త్రానికి పరిచయమైంది.

ప్రయోగశాలలో సంశ్లేషణ

మూడు వలయాలకూ ఉమ్మడిగా ఉన్న కార్బన్‌ను సరైన దిశలో నిర్మించడం ఖుసిమోన్ సంశ్లేషణలో ప్రధాన సమస్య. చిన్న అణువే అయినా ఈ కారణంగా అనేకమంది రసాయన శాస్త్రజ్ఞులు దీనిని తమ పద్ధతులకు పరీక్షగా ఎంచుకున్నారు. జార్జి బ్యూకీ, హౌసర్, లిమాకర్ 1977లో తమ సంశ్లేషణను ప్రచురించారు. 1980ల ఆరంభంలో జెనీవా విశ్వవిద్యాలయానికి చెందిన వోల్ఫ్‌గాంగ్ ఓపోల్జర్ బృందం మెగ్నీషియం సహాయంతో వలయాలను మూసే పద్ధతిని ఉపయోగించి ఖుసిమోన్‌ను తయారుచేసింది.

నూనెనుండి వేరుచేసిన జిజానోయిక్ ఆమ్లంలో ఒక కార్బన్‌ను తొలగించి కూడా ఖుసిమోన్‌ను పొందవచ్చు. పూర్తి సంశ్లేషణలో దశలు ఎక్కువ, ఖర్చు ఎక్కువ. అందువలన సహజ నూనెకు బదులుగా కృత్రిమ ఖుసిమోన్‌ను వాడే పరిస్థితి ఏర్పడలేదు. ఈ సంశ్లేషణల ముఖ్య ప్రయోజనం నిర్మాణాన్ని నిర్ధారించడం, ఏ నిర్మాణానికి ఏ వాసన ఉంటుందో తెలుసుకోవడం.

వాసన

ఒక పదార్థం నూనెలో ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఆ నూనె వాసనకు అదే కారణం కాదు. వాసన రెండు విషయాలపై ఆధారపడుతుంది. ఒకటి, ఆ పదార్థం ఎంత ఉన్నది. రెండవది, ముక్కు గుర్తించడానికి కనీసం ఎంత కావాలి. ఈ కనీస మొత్తాన్ని వాసన ప్రభావసీమ అంటారు. ప్రభావసీమ చాలా తక్కువగా ఉన్న పదార్థం లేశమాత్రంగా ఉన్నా వాసన వేస్తుంది. ఉదాహరణకు ఖుసిమోల్ నూనెలో గణనీయమైన భాగమైనప్పటికీ దాని వాసన బలహీనం.

దీనిని పరీక్షించడానికి వాయు క్రొమటోగ్రఫీ యంత్రం చివర ఒక గొట్టాన్ని అమర్చుతారు. నూనెలోని పదార్థాలు విడివిడిగా వస్తుండగా శిక్షణ పొందిన వ్యక్తి వాసన చూసి నమోదు చేస్తాడు. యంత్రం నమోదుచేసిన పెద్ద శిఖరం వద్ద ఏ వాసనా లేకపోవచ్చు. దాదాపు సమతలంగా ఉన్న గీత వద్ద గాఢమైన వాసన రావచ్చు. వట్టివేరు నూనె విషయంలో ఇదే జరిగింది.

ఆల్ఫా వెటివోన్, బీటా వెటివోన్, ఖుసిమోన్ అనే మూడు కీటోన్లు వట్టివేరు వాసనకు ఆధారమని దీర్ఘకాలం చెప్పుకున్నారు. ఖుసిమోన్‌కు వట్టివేరు స్వభావం గల కలప వాసన ఉండడం వలన దానికి ప్రాధాన్యం ఎక్కువగా లభించింది. వియన్నా పరిశోధకులు దాని అణువులో చిన్న చిన్న మార్పులు చేసి, ఏ భాగం మారితే వాసన మారుతుందో పరిశీలించారు. అయినా ఈ మూడింటినీ కలిపినప్పుడు అసలు నూనెలోని తియ్యని, తేలికైన కలప పరిమళం పూర్తిగా రాలేదు.

2021లో జర్మనీకి చెందిన బెంజమిన్ లిస్ట్, జివొడాన్ సంస్థకు చెందిన ఫిలిప్ క్రాఫ్ట్, వారి సహచరులు ఈ సమస్యకు పరిష్కారం ప్రకటించారు. 2-ఎపి-జిజా-6(13)-ఎన్-3-ఓన్ అనే కీటోన్‌ను 11 దశలలో సంశ్లేషించి, నూనె వాసనకు అసలు మూలం అదేనని నిరూపించారు. ఖుసిమోన్‌కూ దీనికీ చట్రం ఒకటే. ఖుసిమోన్‌లో మెథిల్ సమూహపు కార్బన్ పోయిన చోటనే ఆక్సిజన్ చేరింది. కొత్త కీటోన్‌లో ఆ మెథిల్ సమూహం నిలిచి ఉండగా, దాని పక్కనున్న కార్బన్‌పై ఆక్సిజన్ చేరింది. విశేషమేమంటే దీనిలోనూ, రెండు వెటివోన్లలోనూ పరమాణువుల సంఖ్య ఒకటే: 15 కార్బన్లు, 22 హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. అమరిక మాత్రమే వేరు.

ఈ కీటోన్ ప్రభావసీమ లీటరు గాలికి 29 పికోగ్రాములు. అంటే ఒక గ్రాము పదార్థాన్ని సుమారు 3,400 కోట్ల లీటర్ల గాలిలో కలిపినా ముక్కు గుర్తించగలదు. నూనెలో ఇంత తక్కువగా ఉండడం వలననే దశాబ్దాలపాటు ఇది మరుగున ఉండిపోయింది. ఈ సంశ్లేషణలో సేంద్రియ ఉత్ప్రేరకాలను ఉపయోగించారు. అటువంటి ఉత్ప్రేరకాల అభివృద్ధికే లిస్ట్ అదే సంవత్సరం డేవిడ్ మెక్‌మిలన్‌తో కలిసి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు.

దీనివలన ఖుసిమోన్‌కు విలువ లేదని చెప్పలేము. నూనె వాసన ఒక పదార్థంతో తయారయ్యేది కాదు. ప్రధాన స్వభావం లేశమాత్రపు కీటోన్‌దైనా, దానికి నిండుదనాన్నీ నిలకడనూ ఇచ్చేవి ఖుసిమోన్, వెటివోన్లు, ఇతర ఆల్కహాలులు.

ఉపయోగాలు

ఖుసిమోన్‌ను విడిగా కాక, వట్టివేరు నూనెలో భాగంగానే ఎక్కువగా ఉపయోగిస్తారు. మార్కెట్లోని పరిమళాలలో మూడవవంతుకు పైగా వట్టివేరు నూనె ఉంటుందని 2021 పరిశోధకులు పేర్కొన్నారు. ఈ నూనె నెమ్మదిగా ఆవిరవుతుంది. తేలికగా ఎగిరిపోయే ఇతర సుగంధాలను కూడా ఇది నిలిపి ఉంచుతుంది. కార్వెన్ సంస్థ 1957లోనూ, గెర్లాన్ సంస్థ 1959లోనూ వెటివర్ పేరుతోనే పురుషుల పరిమళాలు విడుదల చేశాయి. నూనెలోని ఆల్కహాలులను ఎసిటేట్లుగా మార్చి తయారుచేసే వెటివెరిల్ ఎసిటేట్ కూడా పరిమళ పరిశ్రమలో విరివిగా వాడే పదార్థం. సబ్బులు, అగరువత్తులు, షర్బత్తులలో కూడా వట్టివేరు సుగంధం ఉపయోగిస్తారు.

కీటకాలను దూరంగా ఉంచే గుణం ఈ నూనెకు మరొక విశేషం. ఖుసిమోన్, వెటివోన్లు, జిజానాల్, ఎపిజిజానాల్ అనే పదార్థాలకు ఈ గుణం ఉన్నట్లు గుర్తించారు. జిజానాల్, ఎపిజిజానాల్‌ల విషయం 1982లో ప్రచురితమైంది. అమెరికాలోని లూసియానా పరిశోధకులు 2000 తరువాతి సంవత్సరాలలో ఈ నూనె ఫార్మోసా చెదలను నిరోధిస్తుందని చూపారు. బట్టల పెట్టెలలో వట్టివేరు ఉంచే పాత అలవాటుకు ఇవి కొంత శాస్త్రీయ ఆధారాన్ని ఇస్తున్నాయి.

నాణ్యత, కల్తీ

వట్టివేరు నూనె ఖరీదైనది కాబట్టి చౌకైన నూనెలతో కల్తీ జరుగుతుంది. ముక్కుకు తెలియని కల్తీని వాయు క్రొమటోగ్రఫీ ద్వారా పట్టుకోవచ్చు. ఖుసిమోల్, వెటివోన్లు, ఖుసిమోన్ మొదలైనవి సహజమైన నిష్పత్తిలో ఉన్నవా లేదా అని చూస్తారు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఈ నూనెకు ఐ.ఎస్.ఓ. 4716 అనే ప్రమాణాన్ని రూపొందించింది. కాంతి భ్రమణ దిశనుబట్టి ఉత్తరాది, దక్షిణాది నూనెలను కూడా వేరుగా గుర్తించవచ్చు.

వేరు ముదరకముందే తవ్వితే నూనె తగ్గుతుంది, దాని నాణ్యత కూడా పడిపోతుంది. ధర పెరిగినప్పుడో, డబ్బు అవసరం పడినప్పుడో రైతులు తొందరగా తవ్వడం హైతీలో తరచు ఎదురయ్యే సమస్య.

సాగు, నేల సంరక్షణ

సుగంధం వేరులో ఉండడం వలన వట్టివేరు సాగులో ఒక చిక్కు ఉన్నది. ఈ గడ్డి వేళ్ళు నిలువుగా మూడు, నాలుగు మీటర్ల లోతుకు దిగి మట్టిని గట్టిగా పట్టి ఉంచుతాయి. 1980ల దశకంలో ప్రపంచ బ్యాంకుకు చెందిన జాన్ గ్రీన్‌ఫీల్డ్, రిచర్డ్ గ్రిమ్‌షా భారతదేశంలోని మెట్ట భూముల పథకాలలో వట్టివేరు వరుసలను నేలకోత నివారణకు ప్రోత్సహించారు. ఆ కాలపు వర్షాధార వాటర్‌షెడ్ పథకాలలో రంగారెడ్డి జిల్లాలోని మహేశ్వరం కూడా ఒకటి. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 1993లో ఈ గడ్డిపై ఒక ప్రత్యేక నివేదికను ప్రచురించింది. విత్తనాలు పడని దక్షిణాది రకం పొలంలోనికి కలుపుగా వ్యాపించదు కాబట్టి ఈ పనికి అదే తగినది.

గట్టుపై నాటిన వట్టివేరు నేలను కాపాడుతుంది. నూనె కోసం నాటిన వట్టివేరును వేళ్ళతో సహా పెకలించాలి. వాలు భూములలో వానలకు ముందు ఇలా తవ్వితే వదులైన మట్టి కొట్టుకుపోతుంది. కాబట్టి నూనె పంటను సమతలమైన నేలలలో వేయడం, వాలులోనూ వాగుల గట్లపైనా ఉన్న వరుసలను తవ్వకుండా వదలడం మేలు. తవ్విన వెంటనే పిలకలను తిరిగి నాటడం కూడా నేలకు రక్షణ కల్పిస్తుంది.

1959లో ఏర్పడి, లక్నో కేంద్రంగా పనిచేసే కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ (సీమాప్) నూనె దిగుబడి ఎక్కువగా ఉండే ధారిణి, గులాబి, కేసరి వంటి వట్టివేరు రకాలను రూపొందించింది. ఈ సంస్థకు హైదరాబాదు శివారులోని బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉన్నది. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 2017లో ప్రారంభించిన అరోమా మిషన్ ద్వారా వట్టివేరుతో సహా సుగంధ పంటల సాగును రైతులకు పరిచయం చేశారు. జిజీన్‌ను సూక్ష్మజీవుల ద్వారా తయారుచేసే పరిశోధనలు కూడా జరుగుతున్నాయి. అయితే 2021 పరిశోధన చూపినట్లు, ఈ నూనె స్వభావం అందులోని లేశమాత్రపు పదార్థాలపై కూడా ఆధారపడి ఉన్నది. ఒకటి రెండు పదార్థాలను విడిగా తయారుచేసి, వందలాది పదార్థాలు గల వేరు నూనెకు సమానం చేయడం సులభం కాదు.

ఇవీ చూడండి

* వట్టివేరు
* వట్టివేరు నూనె
* నిమ్మగడ్డి నూనె
* టెర్పీన్లు
* ఆవిరి స్వేదనం
* అత్తరు